క్యాన్సర్ కాదంటే, మరేమిటి?

రొమ్ములో ఏర్పడే గడ్డల్లో అధికభాగం క్యాన్సర్ కావన్నది వైద్యశాస్త్రంలో వివాదం లేని విషయమే గానీ, ఆ క్యాన్సర్ కాని గడ్డల్లోనే కొన్ని మామోగ్రామ్ మీదా, అల్ట్రాసౌండ్ మీదా, చివరికి ఎమ్మారై మీదా అచ్చం క్యాన్సర్ రూపంలోనే కనిపిస్తాయి. వాటి విషయంలో చిత్రాన్ని ఎంతవరకు నమ్మాలి, సూదితో ముక్క తీసే పరీక్షను ఎప్పుడు ఆశ్రయించాలి అన్నదానిపై ఆ రంగంలోని వారి మధ్యనే ఏకాభిప్రాయం లేదు. ఈ సంవాదంలో ఇద్దరు మాట్లాడతారు. ఒకరు చిరకాలంగా రొమ్ము శస్త్రచికిత్సలు చేస్తున్న శస్త్రవైద్యురాలు. చిత్రపరీక్షలు అవసరానికి మించిన భయాన్ని పుట్టిస్తున్నాయనీ, రోగి చెప్పే వృత్తాంతానికీ వైద్యుల చేతి స్పర్శకూ దక్కవలసిన విలువ దక్కడం లేదనీ ఆమె పక్షం. రెండవవారు రేడియాలజిస్టు, అనగా ఎక్స్‌రేలు, ధ్వనితరంగాలు, అయస్కాంతక్షేత్రం ఆధారంగా తీసిన చిత్రాలను చదివి నివేదిక ఇచ్చే వైద్యుడు. అనుమానం కలిగించిన ప్రతి నీడనూ ముక్క తీసి తేల్చవలసిందేనని ఆయన పక్షం. ఇద్దరూ కల్పిత వ్యక్తులే గానీ, వారి వాదాలు మాత్రం ఆసుపత్రుల్లో నిత్యం వినిపించేవే.

శస్త్రవైద్యురాలు: డాక్టరుగారూ, వాదాన్ని నివేదిక నుంచే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే రోగి చేతికి మొదట అందేదీ అదే, రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా చేసేదీ అదే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో ప్రవేశపెట్టిన బైరాడ్స్ అనే వర్గీకరణలో సున్నా నుంచి ఆరు వరకు అంకెలున్నాయి. సున్నా అంటే ఇంకా చిత్రాలు తీయాలి. ఒకటి, రెండు నిశ్చింతకు గుర్తులు. మూడు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. అయిదు అంటే 95 శాతం లేదా అంతకంటె ఎక్కువ. ఆరు అప్పటికే ముక్క పరీక్షలో తేలిపోయిన క్యాన్సర్. ఇక మిగిలిన నాలుగో అంకె 2 శాతం దాటిన చోట మొదలై 95 శాతానికి కొంచెం ఇవతల ఆగుతుంది. ఇంత విస్తారమైన పరిధిని ఒకే అంకె కిందికి చేర్చి, దాని పక్కన ‘అనుమానాస్పదం’ అని రాసి పంపితే, మూడు శాతం అవకాశం ఉన్న స్త్రీ, తొంభై శాతం అవకాశం ఉన్న స్త్రీ ఒకే భయాన్ని మోసుకుంటూ వస్తారు.

రేడియాలజిస్టు: ఆ లోపం వర్గీకరణది కాదు మేడమ్, దాన్ని సగమే రాసేవారిది. నాలుగో వర్గానికి ఎ, బి, సి అని మూడు ఉపవర్గాలున్నాయి. 10 శాతం వరకు ఎ, 50 శాతం వరకు బి, ఆపైన సి. ఆ అక్షరం లేకుండా అంకె మాత్రమే రాసిన నివేదికను తిప్పి పంపే వీలు శస్త్రవైద్యులకు ఉంది గానీ, తిప్పి పంపేవారే అరుదు. అయితే అక్షరం ఉన్నా లేకపోయినా ఒక సంగతి మారదు: నాలుగు అంటే ముక్క తీయాలి. మూడు శాతం అన్నది చెవికి తక్కువగానే వినిపిస్తుంది, కానీ ఆ వందమందిలో ముగ్గురు ఎవరన్నది చిత్రం చెప్పలేదు.

శస్త్రవైద్యురాలు: చిత్రం చెప్పలేకపోతే చెప్పగల సాక్షులు వేరే ఉన్నారు. రొమ్ముకు దెబ్బ తగిలిందా, బిడ్డకు పాలు మాన్పించి ఎన్నేళ్లయింది, చక్కెర జబ్బు ఎప్పటి నుంచి ఉంది, ఇంట్లో ఎవరైనా క్షయకు మందులు వాడారా అని ఓపికగా అడిగితే చాలా నీడలు అక్కడే తొలగిపోతాయి. తాడును చూసి పామనుకున్నవాడికి కావలసింది దీపమే గానీ దుడ్డుకర్ర కాదు.

రేడియాలజిస్టు: రజ్జుసర్ప న్యాయం ఇక్కడ పూర్తిగా పొసగదు. అక్కడ భ్రాంతికి కారణం చీకటి, కనుక వెలుగు రాగానే తాడు తాడుగానే కనిపిస్తుంది. ఇక్కడ పట్టపగటి వెలుగులోనే రెండూ ఒకేలా ఉన్నాయి. మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య అదిమి, తక్కువ శక్తి గల ఎక్స్‌రేలతో తీసే చిత్రం. అందులో కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులు, నార కణజాలం, గడ్డలు తెల్లగానూ పడతాయి. గడ్డ అంచుల నుంచి ముళ్లలా గీతలు చిమ్మినట్టు ఉండటం క్యాన్సర్‌కు ప్రసిద్ధ లక్షణం. కానీ ఆ ముళ్లన్నీ క్యాన్సర్ కణాలు కావు. వాటిలో చాలాభాగం క్యాన్సర్‌కు ప్రతిగా శరీరం పేర్చిన కొల్లాజెన్, అంటే గాయం మానేటప్పుడు మచ్చ కట్టే నార పదార్థం, బిగుసుకుంటూ చుట్టుపక్కల కణజాలాన్ని తనవైపు లాక్కోవడం వల్ల ఏర్పడిన గీతలు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ వెనుక పడే నల్లని నీడకూ కారణం అదే, ఆ గట్టి నార ధ్వనితరంగాలను మింగేయడం. ఎమ్మారైలో రక్తనాళంలోకి ఎక్కించిన గాడోలినియం మందును క్యాన్సర్ గబగబా పీల్చుకుని వెలుగుతుందంటే, కొత్త రక్తనాళాలు పుట్టుకురావడం వల్ల. వాపు ఉన్న చోట కూడా రక్తప్రవాహం పెరుగుతుంది కనుక అదీ అలాగే వెలుగుతుంది. ఆ విధంగా మూడు యంత్రాలూ చూపేది శరీరం చేసిన ప్రతిక్రియనే తప్ప, దాన్ని రేపిన కారణాన్ని కాదు.

ఈ వివరణతో ఆయన పక్షానికి బలం చేకూరిందన్నది నిజమే. యంత్రాలను మరింత పదునుపెడితే ఈ సందిగ్ధం పోతుందన్న నమ్మకం సామాన్యుల్లోనే కాక వైద్యుల్లో కూడా ఉంది గానీ, మచ్చ కట్టడం అనే ఒకే జీవక్రియ రెండు వేర్వేరు జబ్బుల్లోనూ జరుగుతున్నప్పుడు, ఎంత స్పష్టమైన చిత్రమైనా ఆ మచ్చనే మరింత స్పష్టంగా చూపుతుంది. అయితే శస్త్రవైద్యురాలు అంత తేలిగ్గా తగ్గే మనిషి కాదు.

శస్త్రవైద్యురాలు: అలాగైతే ఫ్యాట్ నెక్రోసిస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రొమ్ములోని కొవ్వు కణాలు దెబ్బకో, శస్త్రచికిత్సకో, రేడియేషన్‌కో గురై చచ్చిపోయినప్పుడు ఏర్పడే గట్టిదనానికి అది పేరు. కారు ప్రమాదంలో సీటుబెల్టు రొమ్మును అడ్డంగా ఒరుసుకుపోయిన స్త్రీకి, ఆ బెల్టు నడిచిన దారిలోనే కొన్ని వారాలకు గడ్డ తేలితే, కారణం వెతుక్కుంటూ ఎక్కడికీ పోనవసరం లేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా, నివేదికలో ‘ముళ్ల అంచులు గల గడ్డ, క్యాన్సర్ కాదని చెప్పలేం’ అని రాయడం న్యాయమా?

రేడియాలజిస్టు: అడగడం తప్పనిసరి, అడిగి నమ్మడమే ప్రమాదం. గడ్డ కనిపించిన తరువాత, దానికి కారణం వెతుకుతూ ఎప్పుడో తగిలిన దెబ్బను తవ్వి తీసుకోవడం మనిషికి సహజం. అంతకంటె తరచుగా జరిగేదేమిటంటే, దెబ్బ తగిలిన చోట నొప్పి పుట్టి చేయి అటు వెళుతుంది, అంతకుముందే అక్కడ ఉన్న గడ్డ అప్పుడు మొదటిసారి చేతికి తగులుతుంది. దెబ్బ గడ్డను పుట్టించలేదు, దొరికేలా చేసింది. మరోవైపు, ఫ్యాట్ నెక్రోసిస్ ఖాయంగా తేలిన స్త్రీలలో ఎందరికో ఏ దెబ్బా గుర్తుండదు. ఇక చేతి స్పర్శ మాటకు వస్తే, ఈ గడ్డ చర్మాన్ని లోపలికి లాగి సొట్టపెట్టగలదు, చనుమొనను లోపలికి తిప్పగలదు, రాయిలా గట్టిగా ఉండగలదు; చిత్రాన్ని మోసం చేసే నారే చేతిని కూడా మోసం చేస్తుంది.

శస్త్రవైద్యురాలు: కానీ కాలం దాని గుట్టు విప్పుతుంది. చచ్చిన కొవ్వు కరిగి నూనె తిత్తిగా మారి, దాని గోడకు కాల్షియం పట్టి, మామోగ్రామ్‌లో గుడ్డు పెంకులా సన్నని తెల్లని వలయం కనిపించినప్పుడు, ఇక దాన్ని క్యాన్సర్ అని ఎవరూ అనరు.

రేడియాలజిస్టు: ఆ వలయం కనిపించిన రోజున సూది అడిగేవారు ఎవరూ లేరు, దానికి ఇచ్చే అంకె రెండే. చిక్కంతా దానికి ముందరి దశలోనే. కొవ్వు చచ్చినప్పుడు విడుదలైన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి, సబ్బు తయారీలో జరిగేలాంటి రసాయనచర్యతో గట్టిపడతాయి. ఆ తొలి రేణువులు సన్నగా, రకరకాల ఆకారాల్లో, కొన్నిసార్లు కొమ్మలు చీలినట్టు పడతాయి. పాలనాళాల్లో చచ్చిన క్యాన్సర్ కణాలు సున్నం కట్టినప్పుడు కనిపించే రూపం కూడా సరిగ్గా అలాంటిదే. వలయం ఏర్పడడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. ఆ కాలమంతా ఎదురుచూడమని ఏ స్త్రీకి చెప్పాలి? రొమ్ము క్యాన్సర్‌కు ఇదివరకే శస్త్రచికిత్స, రేడియేషన్ అయిన స్త్రీకా? ఫ్యాట్ నెక్రోసిస్ ఎక్కువగా కనిపించేదీ ఆమెలోనే, క్యాన్సర్ తిరగబెట్టే భయం ఎక్కువగా ఉన్నదీ ఆమెకే.

ఈ ప్రశ్నకు శస్త్రవైద్యురాలు వెంటనే బదులివ్వలేదు. శస్త్రచికిత్స జరిగిన రొమ్ములో మచ్చ, చచ్చిన కొవ్వు, తిరగబెట్టిన క్యాన్సర్ పక్కపక్కనే ఉండగల అవకాశం ఎంత కలవరపెట్టేదో ఆమెకు తెలియనిది కాదు.

శస్త్రవైద్యురాలు: సరే, ఆ స్త్రీ విషయంలో సూదికి అభ్యంతరం లేదు. అయితే ఏ గడ్డా చేతికి తగలని, ఏ బాధా లేని ఆరోగ్యవంతురాలి మాటేమిటి? రేడియల్ స్కార్ అనే మార్పునే చూడండి. స్కార్, అంటే మచ్చ, అని పేరు పెట్టినా, దానికీ ఏ పాత గాయానికీ సంబంధం లేదు. నడుమ నారముడి, దాని చుట్టూ కిరణాల్లా పొడుగైన సన్నని గీతలు ఉండే ఈ మార్పు చాలావరకు స్క్రీనింగ్ మామోగ్రామ్‌లోనే, అనగా ఏ లక్షణమూ లేనివారికి ముందుజాగ్రత్తగా తీసే చిత్రంలోనే దొరుకుతుంది. సెంటీమీటరు దాటితే దాన్నే కాంప్లెక్స్ స్క్లెరోజింగ్ లీజన్ అంటారు. చిత్రం తీయకపోతే ఆ స్త్రీకి అది ఉన్నట్టే తెలిసేది కాదు. డెన్మార్క్‌లో జరిగి 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం, స్క్రీనింగ్‌లో అనుమానం అని పిలిపించి చివరకు ఏమీ లేదని తేల్చిన స్త్రీలలో మానసిక ప్రభావం మూడేళ్ల తరువాత కూడా మిగిలే ఉందని చూపింది. ఏమీ లేదన్న మాట విన్న తరువాత కూడా!

రేడియాలజిస్టు: రేడియల్ స్కార్ నడుమ భాగం క్యాన్సర్‌లోలా తెల్లగా కాక నల్లగా ఉంటుందనీ, దాన్ని నల్ల నక్షత్రమనీ పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆ లక్షణాన్ని నమ్మి ఊరుకున్న సందర్భాల్లో కొన్ని క్యాన్సర్లుగా తేలడం వల్లనే, చిత్రాన్ని బట్టి దాన్ని నిర్ధారించకూడదన్న నియమం వచ్చింది. పైగా ముక్క పరీక్షలో రేడియల్ స్కార్ అని తేలిన తరువాత కూడా, దాని అంచుల్లో అసాధారణ కణాలు ఉన్నాయేమోనని మరికొంత భాగం తీసి చూడవలసి వస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి సందిగ్ధ మార్పులకు పెద్ద శస్త్రచికిత్స బదులు, శూన్యపీడనంతో పనిచేసే లావుపాటి సూదితో ఆ భాగాన్నంతా తీసివేసే పద్ధతి స్థిరపడింది. భయం నిజమే మేడమ్, కానీ భయానికి మందు పరీక్ష మానడం కాదు, తేల్చే కాలాన్ని తగ్గించడం.

స్క్లెరోజింగ్ అడెనోసిస్ అనే మరొక మార్పు గురించి ఇద్దరి మధ్యా పెద్దగా వాదం లేదు. పాలగ్రంథుల లోపలి చిన్న సంచులు సంఖ్యలో పెరిగి, నార మధ్య నలిగి, కాల్షియం రేణువులతో మామోగ్రామ్‌లో గుంపుగా కనిపిస్తాయి గనుక దాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుందని ఇద్దరూ అంగీకరించారు. నాడీకణాల చుట్టూ తొడుగు కట్టే కణాల నుంచి పుట్టే గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ కూడా అంతే. అరుదైనదే గానీ, కనిపించినప్పుడు ముళ్ల అంచులతో ఎవరినైనా భయపెడుతుంది. అసలైన వాగ్వాదం రేగింది వేరొక జబ్బు దగ్గర, అదీ చిత్రం క్యాన్సర్ అని భయపెట్టి, సూది కాదని తేల్చిన తరువాత.

శస్త్రవైద్యురాలు: గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ విషయానికి వచ్చేసరికి సూది పరీక్ష అయిపోయినంత మాత్రాన పని పూర్తి కాలేదన్నది బయటపడుతుంది. సాధారణంగా ముప్పైల వయసులో, చివరి కాన్పు జరిగి కొన్నేళ్లయిన స్త్రీకి ఒక రొమ్ములో గట్టి గడ్డ తేలుతుంది. ఆమె పాలగడ్డ అనుకుంటుంది, వీధి చివరి వైద్యుడు సెగగడ్డ అని యాంటీబయాటిక్ ఇస్తాడు, అది తగ్గకుండా ఇంకో చోట ఉబ్బి, పగిలి, చీము కారుతుంది, చంకలో బిళ్ళలు కడతాయి. 1972లో కెస్లర్, వోలాక్ అనే ఇద్దరు దీన్ని మొదట వర్ణించినప్పుడు తమ వ్యాసం శీర్షికలోనే, ఇది క్యాన్సర్‌ను పోలినదని చెప్పుకున్నారు. అల్ట్రాసౌండ్‌లో అంచులు తెలియని నల్లని గడ్డ, దాని నుంచి వేళ్లలా పాకే గొట్టాలు, పక్కన వాచిన లింఫ్ గ్రంథులు. ఏ రేడియాలజిస్టు అయినా నాలుగో అంకె రాస్తారు, దాన్ని తప్పుపట్టడం లేదు. ముక్క తీశాక, రక్షక కణాలు గుంపుగా చేరి కట్టిన ముడులు, అనగా గ్రాన్యులోమాలు కనిపించాయనీ, క్యాన్సర్ లేదనీ నివేదిక వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ మొదలవుతుంది అసలు కష్టం, ఎందుకంటే క్షయ కూడా గ్రాన్యులోమాలే కడుతుంది.

రేడియాలజిస్టు: క్షయ రొమ్ముకు కొత్త కాదు. లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1829లోనే దాన్ని వర్ణించాడు. పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు అది అత్యంత అరుదు, భారతదేశంలో కాదు. అందుకే ఇక్కడ గ్రాన్యులోమా అన్న మాట కనిపించగానే క్షయ మందులు మొదలుపెట్టడం ఒక అలవాటుగా మారింది.

శస్త్రవైద్యురాలు: ఆ అలవాటే వద్దనేది. ముక్కలో క్షయ అయితే గ్రాన్యులోమా నడుమ జున్నులా చితికిన నిర్జీవ పదార్థం సాధారణంగా ఉంటుంది. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌లో అది ఉండదు, ముడులు పాలగ్రంథి లంబికల చుట్టూనే చేరి, వాటి మధ్య చీముకణాలు కనిపిస్తాయి. కొన్ని ముక్కల్లో కొరినిబాక్టీరియం క్రోపెన్‌స్టెట్టీ అనే, కొవ్వును ఇష్టపడే సూక్ష్మజీవి కూడా ఆ చీము మధ్య ఖాళీల్లో దొరుకుతుంది. ఇవన్నీ చూసి చెప్పవలసినది పాథాలజిస్టు, అంటే కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చదివే వైద్యులు. కానీ వారికి పంపే కాగితం మీద ‘రొమ్ము గడ్డ, క్యాన్సరా కాదా?’ అని మాత్రమే రాస్తే, వారు ఆ ప్రశ్నకే జవాబిస్తారు. అదే సమయంలో తీసిన చీమునూ, ముక్కలో కొంత భాగాన్నీ ఫార్మలిన్‌లో వేయకుండా, క్షయ క్రిమిని జన్యుపరంగా పట్టే సీబీనాట్ పరీక్షకూ, కల్చర్‌కూ పంపి ఉండాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో క్రిమి బతకదు, కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు. మళ్లీ గుచ్చాలి.

రేడియాలజిస్టు: దానివల్ల చికిత్స అంతగా మారుతుందా?

శస్త్రవైద్యురాలు: పూర్తిగా ఎదురుదిక్కుకు మారుతుంది. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌కు స్టెరాయిడ్లు, అవసరమైతే మెథోట్రెక్సేట్ ఇస్తారు, కొందరిలో ఏ మందూ లేకుండానే నెలల తరబడి సాగి దానంతట అదే చల్లారుతుంది. కత్తి పెడితే గాయం తొందరగా మానకపోవచ్చు, జబ్బు మళ్లీ రావచ్చు. క్షయకు ఆరు నెలల పాటు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మొదలైన మందులు కావాలి. క్షయ ఉన్న స్త్రీకి క్షయ మందులు లేకుండా స్టెరాయిడ్ ఇస్తే జబ్బు పెట్రేగుతుంది. క్షయ లేని స్త్రీకి ఆరు నెలలు క్షయ మందులు వేస్తే, కాలేయానికి ముప్పు తెచ్చిపెట్టి, అసలు జబ్బును అలాగే వదిలినట్టవుతుంది. ‘క్యాన్సర్ లేదు’ అన్న నివేదిక ఈ రెంటిలో ఏ దారినీ చూపదు. మీ సూది ఒక ప్రశ్నకు జవాబు చెప్పింది, రోగికి కావలసిన జవాబు చెప్పలేదు.

రేడియాలజిస్టు కొంతసేపు ఆలోచించి, తన పక్షాన్ని వదలకుండానే, దాన్ని సవరించుకున్నాడు. సంవాదం మొత్తంలో బహుశా ఇదే కీలకమైన ఘట్టం.

రేడియాలజిస్టు: అయితే సూదితో పని ముగిసిందన్న భావన తప్పు, సూది తప్పు కాదు. ముక్క తీయడంలోని క్రమం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. చర్మానికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొన గడ్డలోకి దిగడం చూస్తూ, స్ప్రింగుతో పనిచేసే పద్నాలుగు గేజ్ సూదిని టక్కున పేల్చితే, దాని గాడిలో రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ పొడవున్న సన్నని దారం లాంటి ముక్క వస్తుంది. అలాంటివి నాలుగైదు తీస్తారు. కాల్షియం రేణువుల కోసం తీసినదైతే, ఆ ముక్కలనే పళ్లెంలో పెట్టి ఎక్స్‌రే తీసి, రేణువులు నిజంగా వచ్చాయో లేదో చూస్తారు; రాకపోతే ఆ ముక్కల నివేదికకు విలువ లేదు. తీసిన చోట గుర్తుగా చిన్న టైటానియం క్లిప్ వదులుతారు. ఇక అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు తరువాత వస్తుంది: పాథాలజిస్టు చెప్పినది చిత్రంలో కనిపించినదానికి సరిపోతుందా అని పోల్చి చూడటం. అయిదో అంకె ఇచ్చిన ముళ్ల గడ్డకు ‘సాధారణ నార మార్పులు’ అని నివేదిక వస్తే, సంతోషించకూడదు. సూది గడ్డను తప్పి పక్కన పడిందని అనుమానించి మళ్లీ తీయాలి, లేదా శస్త్రచికిత్సతో తీసి చూడాలి. అదే ముళ్ల గడ్డకు ‘ఫ్యాట్ నెక్రోసిస్’ అనో, ‘గ్రాన్యులర్ సెల్ ట్యూమర్’ అనో పేరు వస్తే, ఆ పేరు చిత్రాన్ని వివరించగలుగుతుంది, కనుక నమ్మవచ్చు.

శస్త్రవైద్యురాలు: పేరు లేని శుభవార్తను నమ్మకూడదన్నమాట.

రేడియాలజిస్టు: నమ్మకూడదు. అందుకే కణాలను మాత్రమే పీల్చే సన్నసూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ, ఇలాంటి గడ్డలకు చాలదు. అది క్యాన్సర్ కణాలున్నాయో లేదో చెప్పగలదు గానీ, కణజాలం అమరికను చూపలేదు గనుక రేడియల్ స్కార్ లాంటివాటికి పేరు పెట్టలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ చాలా చోట్ల మొదట జరిగేది అదే, ఎందుకంటే చవక, వెంటనే అయిపోతుంది. ఇక సూది గుచ్చితే గడ్డ పాకుతుందన్న భయం ఊళ్లలోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. సూది నడిచిన దారిలో కొన్ని కణాలు కదలడం సూక్ష్మదర్శినిలో కనిపించిన మాట నిజమే, దానివల్ల రోగి ఆయుష్షు తగ్గినట్టు మాత్రం రుజువు లేదు.

చరిత్ర తెలిసినవారికి ఈ సూది విలువ వేరుగా కనిపిస్తుంది. ఒకప్పుడు గడ్డ ఉన్న స్త్రీకి మత్తు ఇచ్చి, ముక్క తీసి, దాన్ని అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షించి, క్యాన్సర్ అని తేలితే ఆ మత్తులోనే రొమ్మును తొలగించేవారు. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు, కళ్లు తెరిచేసరికి రొమ్ము ఉంటుందో లేదో ఆమెకు తెలిసేది కాదు. 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్‌కు జరిగినదీ ఆ పద్ధతిలోనే. ముక్క పరీక్షనూ శస్త్రచికిత్సనూ విడదీయాలని పోరాడినవారిలో, తానే రొమ్ము క్యాన్సర్‌కు గురైన రోజ్ కుష్నర్ అనే అమెరికన్ రచయిత్రి ప్రముఖురాలు. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు ఆ రెండు మెట్ల పద్ధతినే సమర్థించింది. 1990 నాటికి స్టీవ్ పార్కర్ అనే రేడియాలజిస్టు, ఎక్స్‌రే చిత్రాల ఆధారంగా స్థానాన్ని లెక్కగట్టి స్ప్రింగు సూదితో ముక్క తీసే విధానాన్ని ప్రచురించాడు. క్యాన్సర్ కాని గడ్డ ఉన్న స్త్రీ ఈనాడు కత్తిగాటు లేకుండా ఇంటికి వెళ్లగలుగుతోందంటే ఈ మార్పుల వల్లనే. సూదిని నిందించేవారు తరచుగా మరిచేది ఇదే.

శస్త్రవైద్యురాలు: ఆ ఉపకారాన్ని కాదనడం లేదు. వృత్తాంతానికి చోటు ఇమ్మని మాత్రమే అడుగుతున్నాను. ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్న స్త్రీకి రొమ్ములో గట్టి గడ్డ, అల్ట్రాసౌండ్‌లో దాని వెనుక నల్లని నీడ కనిపిస్తే, 1984లో సోలర్, ఖర్దోరి వర్ణించిన డయాబెటిక్ మాస్టోపతి గుర్తుకు రావాలి. అది చక్కెర జబ్బు వల్ల రొమ్ములో నార పేరుకోవడం. పదేపదే కోసి తీసినా మళ్లీ వస్తుంది కనుక, ఒకసారి ముక్కతో తేలిన తరువాత కత్తి పెట్టకూడదు. గోదావరి జిల్లాల నుంచో, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచో వచ్చిన స్త్రీ మామోగ్రామ్‌లో పాములా మెలికలు తిరిగిన కాల్షియం గీత కనిపిస్తే, పాలనాళంలోని క్యాన్సర్ కంటె ముందు బోదకాలు పురుగు గుర్తుకు రావాలి, ఎందుకంటే ఫైలేరియా ఈ ప్రాంతాల పాత జబ్బు, చచ్చిన పురుగు అక్కడే సున్నం కడుతుంది. బతికి ఉంటే అల్ట్రాసౌండ్ తెర మీద అది కదలడం కూడా చూడవచ్చు. అమెరికాలో అచ్చైన పుస్తకంలో ఇది ఒక మూలన ఉంటుంది, ఇక్కడ మూలన ఉండకూడదు.

రేడియాలజిస్టు: అంగీకరించదగినదే. చంకలో పూసుకున్న డియోడరెంట్‌లోని అల్యూమినియం, ముఖానికీ మెడకూ చల్లుకున్న పౌడర్ కూడా మామోగ్రామ్‌లో కాల్షియం రేణువుల్లా తెల్లగా పడతాయి. తడి గుడ్డతో తుడిచి మళ్లీ తీస్తే మాయమవుతాయి. 2021లో కోవిడ్ టీకా వేసిన చేతి వైపు చంకలో బిళ్ళలు వాచి, అనేకమంది స్త్రీలకు క్యాన్సర్ పాకిందన్న అనుమానం కలిగింది. టీకా ఏ చేతికి, ఎప్పుడు వేశారని అడిగే అలవాటు ఆ సంవత్సరం నుంచే మామోగ్రామ్ కేంద్రాల్లో స్థిరపడింది. ఇంతవరకు వృత్తాంతం సూదిని తప్పించగలదు. అంతకుమించి తప్పించగలదన్న మాటనే ఒప్పుకోవడం కష్టం.

శస్త్రవైద్యురాలు: మరి మూడో అంకె? ఎడ్వర్డ్ సికిల్స్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో, బహుశా నిరపాయకరం అని వదిలి గమనించిన 3,184 మార్పుల్లో క్యాన్సర్‌గా తేలినవి 17 మాత్రమే. ఆరు నెలలకొకసారి చూస్తే చాలన్న చోట కూడా ఇక్కడి నగరాల్లో సూది గుచ్చుతున్నారు.

రేడియాలజిస్టు: ఆ స్త్రీలు తిరిగి వచ్చారు మేడమ్, అందుకే ఆ లెక్క సాధ్యమైంది. పల్లె నుంచి బస్సెక్కి, కూలి పోగొట్టుకుని వచ్చిన స్త్రీ ఆరు నెలలకు మళ్లీ వస్తుందన్న నమ్మకం ఎవరిస్తారు? రాకపోతే, ఆ పదిహేడు మందిలో ఒకరు ఆమె అయితే?

ఈ చివరి ప్రశ్న దగ్గర ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, గెలవడం సాధ్యం కూడా కాదు, ఎందుకంటే అది చిత్రానికో సూదికో సంబంధించినది కాదు, ఆసుపత్రికీ ఊరికీ మధ్య ఉన్న దూరానికి సంబంధించినది. అయితే ఆ దూరాన్ని కొంత తగ్గించగల సాధనం ఒకటి రోగి ఇంట్లోనే ఉంటుంది. రెండేళ్ల కిందటి మామోగ్రామ్‌లో కూడా అదే నీడ అదే పరిమాణంలో ఉందని చూపగలిగితే, చాలా సందర్భాల్లో కొత్త సూది అవసరమే ఉండదు. పాత చిత్రం లేనప్పుడు ప్రతి నీడా కొత్తదే అవుతుంది. కనుక రొమ్ము పరీక్ష చేయించుకున్న స్త్రీలు పాత ఫిల్ములు, సీడీలు, ముక్క పరీక్ష నివేదికలు పారేయకుండా, ఏ ఊళ్లో ఏ వైద్యుని దగ్గరికి వెళ్లినా వెంట తీసుకువెళ్లాలి; స్లైడ్లూ, మైనపు దిమ్మలో భద్రపరిచిన ముక్కా ప్రయోగశాలలో ఉంటాయి, కావలసి వస్తే అడిగి తీసుకుని రెండో అభిప్రాయానికి పంపవచ్చు. నివేదికలో ‘క్యాన్సర్ లేదు’ అని మాత్రమే ఉంటే, ఆ గడ్డకు పాథాలజిస్టు పెట్టిన పేరేమిటో, ఆ పేరు చిత్రంలో కనిపించినదానికి సరిపోయిందో లేదో అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకోవాలి.